ఎత్తు కాలరు

ఆ వీధిలో బట్టలు కుట్టే కొట్లకు కొదవ లేదు. కానీ భుజం దగ్గర ముడత పడని చొక్కా కావాలంటే మాత్రం అందరూ వీధి మలుపులో ఉన్న మాస్టరు దగ్గరికే వచ్చేవాళ్లు. కొట్టు ఆయనదే, కత్తెరా ఆయనదే. పనితనానికి ఎంత పేరుందో ఆయన నోటికీ అంత పేరుంది.

టేపు మెడలో వేసుకుని, గుమ్మం ఎక్కిన మనిషిని ఒకసారి కిందినుంచి పైదాకా చూసేవాడు. అంతే, ఆ మనిషి నలుగురిలో కప్పిపుచ్చుకుంటూ వచ్చిందంతా బయటపడేది. ఒక భుజం వాలి ఉన్నవాడితో, "బరువులన్నీ ఈ చేత్తోనే మోస్తారా ఏంటండీ, మనిషి పక్కకి ఒరిగిపోయారు" అనేవాడు. పొట్ట ఉన్నవాడి చుట్టూ టేపు తిప్పుతూ, "కాస్త ఓపిక పట్టండి, అవతలి పక్కకి వెళ్లి రావడానికి టైము పడుతుంది" అనేవాడు. బక్కవాడు వస్తే, "మీకెందుకండీ కొలతలు, హ్యాంగరుకి తగిలించి కుట్టేస్తాను" అనేవాడు. మెషీన్ల ముందు కూర్చున్నవాళ్లు తలలు వంచుకుని నవ్వేవాళ్లు. కొలతలిచ్చేవాడూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డవాడు.

మాస్టరు మాత్రం ఎవరికీ ఒక్క మాట అనే సందు ఇచ్చేవాడు కాదు. తెల్లచొక్కా, నలగని మడత, చెక్కినట్టున్న మీసం, అద్దంలా మెరిసే చెప్పులు. కొట్టు తెరవగానే ట్రయల్ గదిలోని నిలువుటద్దం ముందు నిలబడి ముందూ వెనకా చూసుకునేవాడు. పోగు ఊడిందా, గుండీ వదులైందా, కాలరు మీద మరక ఉందా అని వెతికేవాడు. ఎన్నడూ ఏమీ కనబడేది కాదు. "ముందు మనం సరిగ్గా ఉండాలోయ్, అప్పుడే ఇంకొకడికి చెప్పే హక్కు" అని పనివాళ్లతో అనేవాడు కూడా. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అనేవాడు.

మెడ కొలిచేటప్పుడు మనుషులు మొహం పక్కకి తిప్పుకునేవాళ్లు. బిడియం అనుకునేవాడు. బస్సులో తన పక్క సీటు తరచు ఖాళీగా మిగిలేది. తన చొక్కా నలుగుతుందని జంకుతున్నారనుకునేవాడు. కొట్లో ఎంత చలిగా ఉన్నా తలుపు బార్లా తీసే ఉండేది, ఫ్యాను తిరుగుతూనే ఉండేది. పనివాళ్లకి గాలి ఆడాలి కదా అనుకుని ఊరుకునేవాడు.

కొట్లో మూడు మెషీన్లు. రెండు గుమ్మం పక్కన, ఒకటి లోపల, మాస్టరు నిలబడే కటింగ్ బల్లకి ఆనుకుని. ఆ లోపలి మెషీను దగ్గర ఎవరూ నిలవలేదు. ఒకడు వెలుతురు చాలడం లేదన్నాడు. ఇంకొకడు గాలి రావడం లేదన్నాడు. మరొకడు ఏమీ అనకుండానే పని మానేసి పక్కవీధి కొట్లో చేరాడు. చివరికి అక్కడ కుదురుకున్నది కాజాలు కుట్టే అతను. గుండీ దూరే కాజాని చేత్తో కుట్టడంలో అతనిది అందె వేసిన చెయ్యి. అందుకే అందరూ అతన్ని కాజాలాయన అనేవాళ్లు. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. ఏళ్ల తరబడి మాస్టరు పక్కనే కూర్చుని, తల వంచుకుని సూదితో పని చేసుకుపోయేవాడు. మాస్టరుకి అతనంటే ఇష్టం. ఇష్టమున్న మనిషిని కాస్త ఎక్కువగా ఆట పట్టించడం ఆయన అలవాటు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. కాజాలాయన నీళ్లు తాగడానికి తల వెనక్కి వంచాడు. మెడ మీద ఒక పక్క, చర్మం కింద, కాస్త ఉబ్బుగా ఉన్నది మాస్టరు కంటపడింది.

"ఏంటయ్యా అది, రెండో తల మొలుస్తోందా?" అన్నాడు. "ముందే చెప్పు, దానికీ ఒక టోపీ కుట్టి పెడతాను."

గుమ్మం పక్కన మెషీను మీద ప్యాంట్లు కుట్టే అతను తింటున్న ముద్ద గొంతుకి అడ్డం పడేలా నవ్వాడు. తక్కినవాళ్లూ నవ్వారు. కాజాలాయన కూడా నవ్వుతూ చేత్తో మెడ తడుముకున్నాడు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ నీళ్లు తాగలేదు.

ఆ సాయంత్రానికే పేరు పడిపోయింది. 'రెండుతలలు' అన్నారు. "రెండుతలలూ, ఈ చొక్కాకి కాజాలు తియ్యి." "రెండుతలలకి టీ ఒకటి చాలుతుందా, రెండు చెప్పమంటావా?" కొద్ది రోజులకి కొట్టుకి వచ్చేపోయేవాళ్లూ అలాగే పిలవసాగారు. పిలిచినప్పుడల్లా అతను పలికేవాడు. మొహం మాడ్చుకోలేదు. ఎదురు మాట అనలేదు. అందువల్ల అతనికేమీ అనిపించడం లేదనే అందరూ అనుకున్నారు.

కొన్నాళ్లకి కాజాలాయన ఒక చొక్కాగుడ్డ తెచ్చి కటింగ్ బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, ఇది నాకే. కాలరు కొంచెం ఎత్తుగా కత్తిరించి పెడతారా?"

"ఎంత ఎత్తు?"

"చెవి కిందిదాకా వచ్చినా ఫరవాలేదు."

మాస్టరుకి విషయం అర్థమైంది. అర్థమై కూడా, "రెండో తలకి పరదానా?" అని నవ్వుతూనే గుడ్డ మీద సుద్ద గీశాడు. కాలరు ఎత్తుగా, గట్టిగా, మెడకి అతుక్కునేలా కత్తిరించాడు. పని బాగా కుదిరింది. తొడుక్కుని వచ్చిన రోజు ఆయనే నాలుగు వైపులా తిప్పి చూసి, "చూశారా, పిసరంత కూడా కనబడకుండా చేశాను" అని అందరితో గొప్పగా చెప్పాడు. అది చాలక కాజాలాయన అలాంటివే ఇంకా కుట్టించుకున్నాడు. ఎండ మండిపోతున్నా పై గుండీ పెట్టుకునే కూర్చునేవాడు. ఇంట్లో కూడా చొక్కా విప్పేవాడు కాదని ఆ తర్వాత తెలిసింది.

లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు. కాలరు మీద మెడచుట్టూ గుడ్డ వచ్చింది. అన్నం నమలడం ఎక్కువైంది, మింగడం తక్కువైంది. ఆ తర్వాత గొంతు మారింది. బొంగురుపోయి, గుసగుసలా వచ్చేది. దాన్నీ వదల్లేదు మాస్టరు. "ఏంటోయ్, రెండో తల మాట్లాడుతోందా ఇవాళ?" అన్నాడు. ఆ రోజు ప్యాంట్లాయన ఒక్కడే నవ్వాడు, అదీ సగంలో ఆపేశాడు.

తర్వాత కాజాలాయన పనిలోకి రావడం మానేశాడు. కాజాలు లేని చొక్కాలు బల్ల మీద పేరుకున్నాయి. మాస్టరు విసుక్కున్నాడు, కబురు పెట్టాడు, చివరికి తిట్టాడు. ఒక ఉదయం కాజాలాయన భార్య కొట్టు గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆసుపత్రిలో ఉన్నారు మాస్టారూ. ఊపిరి ఆడక రాత్రంతా కూర్చునే ఉంటే తీసుకెళ్లాం. మెడలో పెద్ద గడ్డట. నాక్కూడా చూపించలేదు ఇన్నాళ్లూ. అడిగితే కసురుకునేవారు. ఎన్నడూ కసిరే మనిషి కాదు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగింది. "మిమ్మల్ని ఒకసారి చూడాలన్నారు."

మాస్టరు అప్పటికప్పుడే బయల్దేరాడు. ఆసుపత్రి వార్డులో కాజాలాయన మెడ బోసిగా కనబడింది. ఇన్నాళ్లూ కాలరు కింద ఉన్నది ఇప్పుడు చెవి కింద నుంచి గొంతు దాకా పాకి, బిగుసుకుని, రంగు మారి ఉంది. గొంతులో ఒక గొట్టం పెట్టారు. మాస్టరు చూసి తల తిప్పుకున్నాడు. మనుషుల ఒంట్లో వంకలన్నీ కళ్లార్పకుండా చూసే ఆయనకి దాన్ని చూడటానికి ధైర్యం చాలలేదు.

గొంతు, ముక్కు, చెవి చూసే డాక్టరమ్మ వచ్చి, బంధువా అని అడిగింది. పని చేసే కొట్టు నాదేనని చెప్పాడు. ఆమె ఆయన్ని తన గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"ఆయనకి ధైర్యం చెప్పండి. ఇప్పుడు మేం చెయ్యగలిగింది నొప్పి తగ్గించడమే. ఇది మెల్లగా పెరిగే గడ్డ. మొదట్లో వచ్చుంటే తీసేసేవాళ్లం. ఈ రకం గడ్డ తీయించుకుని హాయిగా బతికేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నారో నాకు అర్థం కావడం లేదు."

మాస్టరు లేవబోయాడు. డాక్టరమ్మ కూర్చోమంది. లేచి కిటికీ తెరిచింది, తలుపు మూసింది. ఒక దూదిపింజ తడిపి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేం వాసన చెప్పండి."

"దూదికి వాసనేంటమ్మా?"

"దూది కాదు, స్పిరిట్. ఘాటుగా ఉంటుంది. మీకు వాసనలు తెలియవా?"

"చిన్నప్పుడు బాగా జలుబు చేసింది. అప్పట్నుంచి అంతే. ముక్కు ఎండిపోయి అప్పుడప్పుడూ నెత్తురు చెక్కులు పడతాయి. దానివల్ల బాధేం లేదు నాకు."

"మీకు లేదు." ఆమె మాటలు కూడబలుక్కుంటున్నట్టు ఆగింది. "నేను చెప్పేది అవమానం అనుకోకండి. డాక్టరుగా చెబుతున్నాను. మీ ముక్కు లోపలి పొర ఎండి, పుచ్చి, చెక్కులు కట్టింది. అందులోంచి బాగా దుర్వాసన వస్తోంది. పక్కన నిలబడ్డవాళ్లందరికీ తెలుస్తుంది. వాసన పట్టే శక్తిని కూడా ఆ జబ్బే పోగొడుతుంది కాబట్టి మీకొక్కరికే తెలియదు. ఇంట్లోవాళ్లు ఎవరూ చెప్పలేదా?"

మాస్టరు తెరిచిన కిటికీ వంక చూశాడు. కొట్లో బార్లా తెరిచి ఉండే తలుపు, చలిలో తిరిగే ఫ్యాను, బస్సులో ఖాళీ సీటు, మొహాలు తిప్పుకున్న మనుషులు, ఒక్కొక్కటే వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఇన్నేళ్లు తాను గౌరవం అనుకున్నది గౌరవం కాదు. వీధి వీధంతా ముక్కు మూసుకుని ఆయన ఎకసెక్కాలు భరించింది.

వార్డుకి తిరిగి వెళ్లి మాస్టరు మంచానికి దూరంగా నిలబడ్డాడు. కాజాలాయన చెయ్యి ఊపి దగ్గరికి రమ్మన్నాడు. గొట్టం మీద వేలు పెట్టి నొక్కితే కాస్త మాట వస్తోంది.

"డాక్టరమ్మ చెప్పింది," అన్నాడు మాస్టరు. "నా ముక్కు సంగతి. నీకు తెలుసా?"

అతను కళ్లు మూసి తెరిచాడు. "తెలుసు మాస్టారూ."

"ఎప్పట్నుంచి?"

"పనిలో చేరిన రోజు నుంచి."

"మరి ఆ మెషీను దగ్గర ఎలా కూర్చున్నావయ్యా?"

"ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. మొదట్లో కష్టంగా ఉండేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది."

"ఒక్క మాట చెప్పలేకపోయావా?"

కాజాలాయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"చాటుగా చెబుదామనే అనుకునేవాణ్ని. ఒకసారి ప్యాంట్లాయన అందరి ముందూ అనబోతే నేనే ఆపాను. తర్వాత మీరు నా మెడ చూసి ఆ మాట అన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కదల్లేదు. ఒక్క మాటకే నా పని ఇలా ఉంటే, ఇది వింటే మీరేమైపోతారో అనిపించింది. అబద్ధమెందుకు, కోపం వచ్చినప్పుడు చెప్పేద్దామనీ అనుకున్నా. అప్పుడూ నోరు రాలేదు. చెప్పి ఉండాల్సింది. మందు ఉంటుంది కదా దానికి."

తన గడ్డకీ ఒకప్పుడు మందు ఉండేదన్న సంగతి అతను ఎత్తలేదు. మాస్టరు మంచం పట్టె పట్టుకుని వంగాడు, వంగి మళ్లీ వెనక్కి జరిగాడు.

"నేను ఆ మాట అనకపోతే, నువ్వు ముందే చూపించుకునేవాడివా?"

కాజాలాయన గొట్టం మీది వేలు తీసేశాడు. గోడకేసి చూశాడు. వేలు మళ్లీ పెట్టి, "ఏమో మాస్టారూ" అన్నాడు.

మాస్టరు తన ఇల్లు చేరేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె పలచటి మనిషి. పైపళ్లు కాస్త ముందుకి ఉంటాయి. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పడుకునేటప్పుడు కిటికీ వైపు తిరిగి పడుకుంటుంది. అది ఆమె అలవాటని ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

"నా దగ్గర వాసన వస్తుందా?" అని అడిగాడు, చెప్పులు కూడా విప్పకుండానే.

ఆమె మడత ఆపలేదు. "ఎవరు చెప్పారు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. పెళ్లయిన కొత్తలో. మీకు గుర్తు లేదు."

"ఏమన్నాను నేను?"

"ముందు నీ పళ్లు అద్దంలో చూసుకుని తర్వాత నా సంగతి మాట్లాడు, అన్నారు. మీ అక్కయ్య, వాళ్లాయన కూడా ఉన్నారు అప్పుడు. అందరూ నవ్వారు." గొంతులో కోపం లేదు. కోపం చల్లారి ఎన్నాళ్లయిందో కూడా తెలియనంత మామూలుగా చెప్పింది. "అప్పుడు చూసుకున్నాను అద్దంలో. ఆ తర్వాత మీతో ఏదీ చెప్పాలనిపించలేదు."

మాస్టరుకి నిజంగానే గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా ఆ రోజు దొరకలేదు. తాను అన్నవాటిలో గుర్తు లేనివి ఇంకా ఎన్ని ఉన్నాయో అనుకుంటే ఆయనకి ఆ రాత్రి కంటి మీద కునుకు పడలేదు.

మర్నాటినుంచి రోజూ ఆసుపత్రికి వెళ్లాడు. మంచానికి కాస్త ఎడంగా, కిటికీ పక్కన కూర్చునేవాడు. క్షమించమని అడగాలని వెళ్లేవాడు. గడ్డ రోజురోజుకీ గొంతుని నొక్కేస్తుంటే ఆ మాట అతి చిన్నదిగా అనిపించి, మింగేసి తిరిగి వచ్చేవాడు. చివరికి అడిగాడు గాని, అప్పటికి కాజాలాయన మందు మత్తులో ఉన్నాడు. వినబడి ఉండదు. ఇంకో రెండు వారాలు కూడా బతకలేదు.

చివరిసారి బట్టలు తొడిగేటప్పుడు కాజాలాయన భార్య ఇంట్లో ఉన్న చొక్కాలన్నీ బయటపెట్టింది. అన్నీ ఎత్తు కాలరువే. ఒక్కటీ మెడకి పట్టలేదు. బలవంతాన గుండీ పెట్టబోతే గుడ్డ చీలింది. గుమ్మంలో నిలబడ్డ మాస్టరుని ఆమె పిలిచింది.

"కత్తెర తెచ్చారా?"

కత్తెర ఆయన జేబులో ఎప్పుడూ ఉండేదే.

"కాలరు తీసెయ్యండి," అంది. "ఇంక ఎవరికి దాచాలి."

మాస్టరు చొక్కాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తానే కత్తిరించిన కాలరు, తానే నలుగురికీ చూపించి మురిసిన పని. కుట్టు వెంబడి కత్తెర పెట్టి విడదీస్తుంటే జీవితంలో మొదటిసారి వంకరగా తెగింది. ఆమె ఆ చొక్కా అందుకుంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది.

డాక్టరమ్మ చెప్పినట్టు ఉప్పూ సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో మాస్టరు పొద్దునా సాయంత్రం ముక్కు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చుక్కలమందు వేసుకున్నాడు. పూర్తిగా పోయే జబ్బు కాదని, బతికినంతకాలం కడుగుతూనే ఉండాలని ఆమె ముందే చెప్పింది. తగ్గిందో లేదో ఆయనకి తెలిసే దారి లేదు. భార్యని అడగాలి. ఆమె దగ్గరికొచ్చి, "ఇవాళ తక్కువే" అనో, "ఉంది, ఇంకోసారి కడగండి" అనో చెప్పేది. అంతకంటే ఎక్కువ మాటలు వాళ్ల మధ్య పెరగలేదు.

కొట్లో నవ్వులు ఆగిపోయాయి. ఒకరోజు ప్యాంట్లాయన అలవాటు కొద్దీ ఒక బట్టతల మనిషి గురించి ఏదో అనబోతే, మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి అతని వంక చూశాడు. "మొదలుపెట్టింది నేనే. నేనే ఆపుతున్నాను" అన్నాడు. పాతవాళ్లలో కొందరు, మాస్టరు మునుపటిలా సరదాగా లేడు, కొట్టుకి వెళ్తే చావింటికి వెళ్లినట్టుంది అని రావడం తగ్గించారు. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని, మనిషికి పక్కగా నిలబడి, ఊపిరి బిగబట్టి మెడ కొలిచేవాడు. లోపలి మెషీను దగ్గర మళ్లీ ఎవరూ కుదరలేదు. కాజాలు బయట ఎక్కడో మెషీను మీద తీయించి తెచ్చేవారు.

ఒక మధ్యాహ్నం ఎవరో కొత్త మనిషి వచ్చాడు. నలభై దాటినవాడు, మంచి గుడ్డ తెచ్చాడు. భుజాలు కొలుస్తుంటే చెవి వెనక, జుట్టు అంచున, నల్లటి మచ్చ ఒకటి మాస్టరు కంటబడింది. అంచులు చెదిరి, నడిమధ్యన పుండుపడి ఉంది. ఆ మనిషి తనంతట తాను చూసుకోలేని చోటు. మాస్టరు చేతిలో టేపు ఆగిపోయింది. ఇంతకుముందైతే ఆ మచ్చకి ఒక పేరు పెట్టి ఉండేవాడు. చూడనట్టు ఊరుకుందామా అని ఒక క్షణం అనిపించింది. ఊరుకోవడం ఎంత సుఖమో కూడా తెలిసింది.

పనివాళ్లని టీకి పంపించాడు. మూతికి కట్టిన గుడ్డ సర్దుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"తప్పుగా అనుకోకండి. మీ చెవి వెనక ఒక మచ్చ ఉంది. మీకు కనబడదు. ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిది."

ఆ మనిషి చెయ్యి చటుక్కున చెవి వెనక్కి పోయింది. మొహం కందగడ్డలా అయింది.

"నేను చొక్కా కుట్టించుకోవడానికి వచ్చానండీ. నా ఒళ్లు చూడమని అడిగానా?"

"అది కాదండీ, నా దగ్గర పనిచేసే అతనికి..."

"మీ గురించి విన్నాను ముందే. ఎవరొచ్చినా ఏదో ఒక వంక పెడతారట." గుడ్డ ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ చొక్కా కాలరు పైకి లాక్కున్నాడు.

మాస్టరు గుమ్మంలోకి వచ్చి, "వెళ్లండి, కానీ చూపించుకోండి, ఈ వారమే" అని వెనకనుంచి అన్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఆ మనిషి తల తిప్పలేదు. నడక వేగం పెంచి మలుపు తిరిగిపోయాడు. అతను ఏ పేటవాడో, పేరేమిటో మాస్టరు అడిగి ఉండలేదు. మళ్లీ ఆ వీధిలో కనబడనూ లేదు.